బాకెన్ షేల్ చమురు: రవాణా, స్థానిక వ్యాపారం

బాకెన్ అమెరికాలోని ఉత్తర డకోటా, మోంటానా, కెనడాలోని సస్కాచువాన్, మానిటోబాల అడుగున పరుచుకున్న చమురు శిలాపొర. అడ్డంగా బావి తవ్వి, ఇసుక కలిపిన నీటిని తీవ్ర పీడనంతో పంపి రాతిని చీల్చే పద్ధతితో 2014లో ఉత్తర డకోటా ఉత్పత్తి రోజుకు 10 లక్షల పీపాలు దాటింది.

ఒక్కో బావికి ఇసుక, నీరు, ఉక్కు గొట్టాలు చేర్చాలంటే వందల లారీ ట్రిప్పులు కావాలి. అందుకే లారీ యజమానులకు, మరమ్మతు షెడ్లకు, తాత్కాలిక బసలకు, భోజనశాలలకు గిరాకీ పెరిగింది. పైపులైన్లు చాలక వంద దాకా ట్యాంకు వ్యాగన్లున్న రైళ్లలో చమురు తరలింది. 2017లో డకోటా యాక్సెస్ పైపులైను మొదలయ్యాక రైళ్ల అవసరం తగ్గింది.

ఈ గిరాకీతో ఉత్తర డకోటాలోని విలిస్టన్ పట్టణ జనాభా కూడా పెరిగింది: 2010లో 14,716 కాగా 2020లో 29,160. అయితే 2014 చివర చమురు ధరలు పడిపోవడంతో బావులు తవ్వే చాలా రిగ్గులు ఆగాయి. చమురు ధర ఒక్కదాన్నే నమ్ముకున్న వ్యాపారం నిలకడైనది కాదు.