మగబిడ్డకు రెండణాలు, ఆడబిడ్డకు అణా

పందొమ్మిదో శతాబ్దంలో శ్రీహరికోట యానాదుల ఇళ్లలో మగబిడ్డ పుడితే మద్రాసు ప్రభుత్వం తల్లిదండ్రులకు రెండణాలు ఇచ్చేది. ఆడబిడ్డ పుడితే ఒక అణా. ఎడ్గార్ థర్‌స్టన్, కె. రంగాచారి కలిసి 1909లో వెలువరించిన దక్షిణ భారత కులాల గ్రంథం ఏడో సంపుటంలో, యానాదుల గురించి రాసిన పుటల్లో ఈ ముక్క కంటబడింది. అప్పటినుంచీ నన్ను వదల్లేదు. రూపాయికి పదహారు అణాలు కనుక ఎనిమిదిమంది మగపిల్లలు పుడితే సర్కారుకు ఒక రూపాయి ఖర్చు, ఆడపిల్లలైతే పదహారుమంది పుట్టాలి. బంగారు తల్లి, అమ్మ ఒడి, తల్లికి వందనం పథకాలకు మన వైపే ఇంత పాత పూర్వీకురాలు ఉందని తెలిసి ఎంత సంబరపడ్డానో, ఆ అణా తేడాకు అంత నొచ్చుకున్నాను.

గూడూరులో చెన్నై వైపు రైలెక్కితే నాయుడుపేట దాటాక సూళ్లూరుపేట వస్తుంది. అక్కణ్ణించి పులికాట్ సరస్సు మధ్యలో వేసిన రోడ్డు మీద తూర్పుగా పోతే శ్రీహరికోట. ఒక పక్క సరస్సు, ఒక పక్క బంగాళాఖాతం. 1835లో ఈ దీవి ప్రభుత్వం చేతికి వచ్చింది. దీవి నిండా అడవి, దక్షిణాన రోజురోజుకూ పెరుగుతున్న మద్రాసు పట్నం. పట్నం పొయ్యిల్లోకి ఈ అడవి కట్టె పడవల మీద సరస్సు దాటి, కాలవ దారిన చేరేది. ఆ కట్టె కొట్టేవాళ్లు, అడవి సరుకు ఏరి తెచ్చేవాళ్లు యానాదులు. కూలి చాలావరకు గింజల రూపంలో, గుడ్డల రూపంలో అందేది. వాళ్ల పిల్లలకు బడి కూడా తెరిచారు.

వాళ్లు తెచ్చే సరుకుల్లో తేనె, కుంకుడుకాయలు, సుగంధిపాల వేళ్లు, ముషిణి గింజలు ఉండేవి. అన్నిటికన్నా నన్ను పట్టుకున్నది చిరివేరు. కోస్తా ఇసుక నేలల్లో మొలిచే చిన్న మొక్క, దాని వేరు మాత్రం సన్నగా చాలా లోతుకు దిగుతుంది. ఎరుపంతా ఆ వేరు బెరడులోనే ఉంటుంది. పటిక పట్టించిన బట్టను చిరివేరు నీళ్లలో ఉడికిస్తే ఎన్ని ఉతుకులకైనా పోని ఎరుపు వస్తుంది. మచిలీపట్నం అద్దకాల ఎరుపు ఇదే. ఆ బట్టలు పర్షియాకు, యూరప్‌కు ఓడల మీద పోయాయి. చేలో వేసి పెంచిన వేరుకన్నా అడవిలో దానంతట అది మొలిచినదానికే రంగు ఎక్కువని పేరు. అడవి వేరు తవ్వడమంటే ఎక్కడ మొలిచిందో కనిపెట్టాలి, ఇసుకలోంచి తెగకుండా లాగాలి. ఈ పని యానాదికి తెలుసు, కలెక్టరుకు తెలియదు. 1868లో జర్మనీలో గ్రేబే, లీబర్‌మాన్ అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు అదే ఎరుపును ప్రయోగశాలలో తయారు చేశారు. కొన్నేళ్లలోనే ప్రపంచమంతటా వేరు రంగుల బేరం కూలిపోయింది. తవ్వేవాడి చేతిలోని విద్యకు ధర లేకుండా పోయింది. ఎండిన ఆకు వాసనతో మొక్కను పోల్చుకోగల మనుషుల విద్య అది. మళ్లీ తెచ్చుకోలేనిది అలా పోయిందని తలచుకున్నప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది.

రెండణాలకు చాలా దూరపు చుట్టం ఒకటి ఉంది. ఉత్తర ఇటలీలో వెలేయా అనే పాత ఊరి శిథిలాల్లో 1747లో ఒక పెద్ద కంచు పలక దొరికింది. ట్రాజన్ చక్రవర్తి పేదపిల్లల పోషణకు పెట్టిన నిధి లెక్క దానిమీద చెక్కి ఉంది. మగపిల్లవాడికి నెలకు 16 సెస్టెర్సులు, ఆడపిల్లకు 12. సక్రమ సంతానంగా లెక్కకెక్కిన మగపిల్లలు 245 మంది, ఆడపిల్లలు 34 మందే. రోమ్‌లో ఆడపిల్లకు ముప్పాతిక దక్కితే శ్రీహరికోటలో సగమే దక్కింది. రోమ్‌కు సైనికులు కావాలి, మద్రాసుకు కట్టె కొట్టే చేతులు కావాలి. బిడ్డ పేరున డబ్బిచ్చే సర్కారు ఆ బిడ్డ రేపు ఏ పనికొస్తుందో చూసుకునే ఇచ్చిందని రెండు లెక్కలూ దాపరికం లేకుండా చెబుతున్నాయి.

తరువాతి కథ మరీ కష్టం కలిగించేది. 1871 నాటి నేరస్త తెగల చట్టాన్ని 1911లో మద్రాసు రాష్ట్రానికీ వర్తింపజేశారు. కొన్నేళ్లకు యానాదులనూ ఆ జాబితాలోకి ఎక్కించారు. ఏ జాతి బిడ్డ పుడితే అణాలు ఇచ్చారో ఆ జాతినే పుట్టుకతో దొంగలన్నారు. వేలిముద్రలు, పోలీసు హాజరు, ఊరు దాటాలంటే అనుమతి. బిట్రగుంట దగ్గర కప్పరాళ్లతిప్ప సెటిల్మెంటు ఆ కాలపుదే. చేను కాపలాకు, చెరువు కాపలాకు యానాదినే పెట్టుకున్న ఊళ్లలో రాత్రి హాజరుకూ యానాదినే పిలిచారు. దీనిమీద ఏళ్లతరబడి పోరాడినవారు నెల్లూరు జిల్లా వెన్నెలకంటి రాఘవయ్య. యానాదుల సంఘాన్ని నడిపారు, వాళ్లమీద 1962లో ఇంగ్లీషులో పెద్ద పుస్తకం రాశారు. 1973లో ఆయనకు పద్మభూషణ్ వచ్చింది. నేరస్త తెగల చట్టం దేశమంతటా పోయింది 1952 ఆగస్టు 31న. ఈ జిల్లాల బడిపిల్లలకు రాకెట్ల పేర్లు నేర్పే చోట రాఘవయ్య పేరూ నేర్పాలని నా కోరిక.

రాకెట్ల విషయానికొస్తే, 1969లో శ్రీహరికోటను ప్రయోగ కేంద్రంగా ఎంచుకున్నారు. 1971 అక్టోబరు 9న మొదటి చిన్న రాకెట్ ఎగిరింది. అడవిలో తిరిగే స్వేచ్ఛ దానితో ముగిసింది. యానాదులు చాలామంది ఒడ్డుకు వచ్చి కూలి జనంలో కలిశారు. నిమ్మతోటలు, రొయ్యల గుంటలు, ఇటుక బట్టీలు. వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లో వచ్చినా, ముందు తీసుకున్న బయానా తీరేదాకా యజమాని గుంట గట్టు వదలలేని కుటుంబాలు ఆ తరువాతా ఉన్నాయి.

పుట్టుకకు డబ్బిచ్చే ఆలోచన మళ్లీ వచ్చేసరికి లెక్క తిరగబడింది. 1997లో కేంద్రం బాలికా సమృద్ధి యోజన పెట్టి, పేద ఇంట ఆడపిల్ల పుడితే 500 రూపాయలంది. 2013లో మన రాష్ట్రంలో బంగారు తల్లి చట్టం వచ్చి, ఆడపిల్ల పుట్టగానే 2,500 అంది. కేంద్రం మాతృ వందనలో ఇప్పుడు రెండో కాన్పుకు సాయం అందేది ఆడపిల్ల పుడితేనే, 6,000 రూపాయలు. అణా అన్యాయానికి ఇది ఆలస్యంగా వచ్చిన జవాబని నేను నమ్ముతాను. 2020 జనవరిలో చిత్తూరులో మొదలైన అమ్మ ఒడి, బడికెళ్లే పిల్లలు ఎందరున్నా తల్లికి ఒక్కటే లెక్కగా ఇచ్చింది. 2025 జూన్‌లో వచ్చిన తల్లికి వందనం ఇంట్లో బడికెళ్లే బిడ్డలందరికీ, మగా ఆడా తేడా లేకుండా. అణాల నుంచి ఇక్కడిదాకా వచ్చామంటే అది చిన్న ప్రయాణం కాదు.

డబ్బు చేరడానికి మాత్రం తల్లికీ బిడ్డకూ ఆధార్ ఉండాలి, బ్యాంకు ఖాతా దానితో ముడిపడాలి. 2001 జనాభా లెక్కల్లో ఉమ్మడి రాష్ట్రంలో యానాదులు 4,62,167 మంది. ఏ కాగితమూ లేని కుటుంబాలు వాళ్లలో ఈనాటికీ ఉన్నాయి. మరీ వెనకబడిన ఆదిమ తెగలకోసం 2023 నవంబరులో కేంద్రం జన్‌మన్ పథకం తెచ్చింది. మన రాష్ట్రంలో చెంచులు, కొండరెడ్లు అందులోకి వస్తారు. యానాదులు ఆ జాబితాలో లేరు. పని ఎక్కడుంటే అక్కడికి కాపురం మార్చే ఇంట్లో, గుంట గట్టు మీది పాకలో ప్రసవమైతే మొదట పోయేది జనన నమోదు. 21 రోజుల్లోపు చేయిస్తే పైసా ఖర్చు లేదు. ఏడాది దాటిందంటే మేజిస్ట్రేటు స్థాయి అధికారి ఉత్తర్వు కావాలి. ఆ ఉత్తర్వు కోసం గూడూరు ఆఫీసుల చుట్టూ తిరిగే తల్లికి ఒక్కో తిరుగుడూ ఒక రోజు కూలి.