ఇరవైమూడేళ్ళ కుర్రాడు పెట్టిన సభ

మొన్నామధ్య మా వృత్తి సంఘం వాళ్ళ సమావేశానికి వెళ్ళొచ్చాను. పదిహేనేళ్ళ సర్వీసులో ఇదే మొదటిసారంటే నవ్వుతారేమో! మెడలో బ్యాడ్జీ, చేతిలో వాళ్ళిచ్చిన సంచీ. భోజనాల దగ్గర ఒక పెద్దాయన "మీరేం చేస్తుంటారు?" అనడిగితే ఠక్కున కంపెనీ పేరు చెప్పేశాను. "అది మీ కంపెనీ. మరి మీ పని?" అన్నాడాయన. ఏదో నసిగి తప్పించుకున్నాను గానీ, ఆ ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు.

మాది చందర్లపాడు. ఊరెళ్ళాలంటే బెజవాడలో దిగి, నందిగామ మీదుగా పోవాలి. ఆ బెజవాడలోనే నూట పదేళ్ళ కిందట జరిగిన ఇంకో సభ గురించి చెప్తాను, వినండి.

1914 ఏప్రిల్ 10. రామమోహన గ్రంథాలయంలో ఊరూరా పుస్తకశాలలు నడిపేవాళ్ళంతా మొదటిసారి ఒకచోట కలిశారు. కూడగట్టింది అయ్యంకి వెంకటరమణయ్య. పుట్టింది 1890 జులైలో, అంటే అప్పటికి ఇరవైమూడేళ్ళు. మన లెక్కలో ఇంకా ఫ్రెషరే! అధ్యక్షుడు చిలకమర్తి లక్ష్మీనరసింహం. ఆయనకి చూపు సరిగా ఉండేది కాదు, ఎవరైనా చదివి వినిపించాల్సి వచ్చేది. పుస్తకం విలువ చెప్పడానికి అంతకంటే తగినవాడు ఎవరుంటారు? ఆ రోజే ఆంధ్రదేశ గ్రంథభాండాగార సంఘం పుట్టింది. దేశంలో ఇలాంటి సంఘాల్లో ఇదే మొదటిదంటారు.

ఇది ఉన్నట్టుండి ఊడిపడిందేమీ కాదు. మా నందిగామ పక్కనున్న పెనుగంచిప్రోలులో పుట్టిన కొమర్రాజు లక్ష్మణరావు, మిత్రులతో కలిసి 1901లోనే హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం పెట్టారు. 1906లో విజ్ఞానచంద్రికా మండలి మొదలుపెట్టి తెలుగులో చరిత్ర, సైన్సు పుస్తకాలు వేయించారు. చదవడానికి పుస్తకాలొచ్చాయి, దాచడానికి గదులొచ్చాయి. వాటిని నడిపేవాళ్ళు ఒకరికొకరు తెలియడమే మిగిలింది.

అమెరికాలో లైబ్రేరియన్ల సంఘం 1876లో ఫిలడెల్ఫియాలో పుట్టింది. వచ్చింది 103 మంది, అందులో ఆడవాళ్ళు 13 మంది. దాని వెనకున్న మెల్విల్ డ్యూయీకి అప్పుడు ఇరవైనాలుగేళ్ళు. అయితే ఒక తేడా ఉంది. అక్కడ చాలామందికి అది అప్పటికే ఉద్యోగం. బెజవాడ వచ్చినవాళ్ళలో ఎక్కువమందికి జీతమూ లేదు, హోదా లేదు. పగలు ఏదో పని చూసుకుని, సాయంత్రం పుస్తకాల గది తాళం తీసేవాళ్ళు. అంటే మన దగ్గర సంఘం ముందు పుట్టింది, వృత్తి తర్వాత వచ్చింది!

తర్వాత ఏమైందో చూడండి. 1919 నవంబరు 14న మద్రాసులో అఖిల భారత సభ జరిగింది. బరోడా నుంచి కుదాల్కర్ వచ్చి అధ్యక్షత వహించారు. ఏటా గ్రంథాలయ వారోత్సవాలు ఆ తేదీన మొదలవడానికి కారణం అదే, బాలల దినోత్సవం కాదు. 1935లో కృష్ణా కాలవ మీద పడవలో పుస్తకాలు ఊళ్ళకెళ్ళాయి. 1948లో మద్రాసు రాష్ట్రంలో గ్రంథాలయ చట్టం వచ్చింది (అందులో రంగనాథన్ గారి పాత్ర పెద్దది). 1960లో ఆంధ్రప్రదేశ్ చట్టం వచ్చింది. మనం ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ పన్ను కడుతున్నామంటే, ఆ కథంతా ఇక్కణ్ణించి వచ్చిందే.

ఇంతకీ నా గొడవేంటంటే, 1914లో అక్కడికి వచ్చినవాణ్ణి "నువ్వేం చేస్తుంటావ్?" అనడిగితే "మా ఊళ్ళో పుస్తకాలు చదివిస్తున్నా" అనేవాడు. వాడి పని వాడిది. నా బ్యాడ్జీ మీద కంపెనీ పేరు తీసేస్తే నా దగ్గర చెప్పుకోడానికి ఏం మిగులుతుంది? ఉద్యోగాలు ఊడే రోజుల్లో మన వాళ్ళు ఎవరికి వారే ఒంటరిగా కుమిలిపోవడానికి కారణం కూడా ఇదేనేమో. మనకి కంపెనీ ఉంది గానీ, వృత్తి లేదు.

వచ్చే ఏడు కూడా ఆ సమావేశానికి వెళ్తాను. సంచీ కోసం కాదు, ఆ పెద్దాయన మళ్ళీ కనిపిస్తే జవాబు చెప్పాలి కదా. మీరైతే ఏం చెప్తారు?