నాగమ్మ ఊళ్లో కౌబాయ్ సినిమాలు

గుర్రాలు, తుపాకులు, గూఢచారులు ఉంటే అది మగవాళ్ల సినిమా అనుకుని మనం లేచి వంటింట్లోకి వెళ్లిపోతాం. పల్నాడు వాళ్లం అలా అనుకోకూడదండీ! గురజాలలో నలగామరాజుకి మంత్రిగా నాగమ్మ, మాచర్ల వైపు బ్రహ్మనాయుడు, మధ్యలో కోడిపందెం. ఓడినవాళ్లు ఏడేళ్లు రాజ్యం విడిచి పోవాలి. ఎత్తుకు పైఎత్తు, చివరికి కారంపూడిలో యుద్ధం. చిన్నప్పటి నుంచి ఈ కథ విన్నవాళ్లకి గూఢచారి సినిమా కొత్తేముంది?

‘పల్నాటి యుద్ధం’ పేరుతో ఈ కథ రెండుసార్లు తెరకెక్కింది. 1947లో కన్నాంబ, 1966లో భానుమతి నాగమ్మగా వేశారు. కథ ఆవిడని చెడ్డదాన్ని చేసినా, ఆ పాత్రకి అంతటి నటీమణులే కావలసివచ్చారు మరి.

అదే 1966లో కృష్ణ, జయలలితల ‘గూఢచారి 116’ వచ్చింది. అప్పట్లో జేమ్స్‌బాండ్ మోజు అలాంటిది. మరుసటి ఏడాదే దాన్ని హిందీలో ‘ఫర్జ్’గా తీశారు. ఉత్కంఠ మధ్యలో డ్యూయెట్ వస్తే విసుక్కోకండి, బాండ్‌ని మనింటి అల్లుణ్ణి చేసుకునే పద్ధతి అది.

1971లో ‘మోసగాళ్లకు మోసగాడు’. ఇటలీ వాళ్లు తీసిన కౌబాయ్ సినిమాల పోకడని ఆరుద్ర తెలుగు నిధి వేట కథగా మార్చి రాస్తే, కె.ఎస్.ఆర్. దాస్ దాన్ని రాజస్థాన్ ఎడారికి తీసుకెళ్లారు. పిల్లలతో కూర్చుని నవ్వుకుంటూ చూడొచ్చు.

అందరూ కృష్ణ టోపీ గురించే చెబుతారు. కానీ అంతకు ముందు ఏడాదే ఇదే దాస్ ‘రౌడీ రాణి’ తీశారు. అందులో పగ తీర్చుకునేది, ఫైట్లు చేసేది విజయలలిత! ఆ సంగతి ఎంతమందికి గుర్తుంది? ‘మోసగాళ్లకు మోసగాడు’ నాయిక విజయనిర్మల సంగతీ అంతే. 1973లో యద్దనపూడి నవల ‘మీనా’ని తెరకెక్కించి, తర్వాత నలభైకి పైగా సినిమాలకి దర్శకత్వం వహించి గిన్నిస్ రికార్డుకెక్కారు.

మహేష్‌బాబు 2002లో ‘టక్కరి దొంగ’గా తండ్రి టోపీ పెట్టుకున్నాడు. 2018లో అడివి శేష్ ‘గూఢచారి’ వచ్చింది. అది మాత్రం గిన్నెలన్నీ సర్దేసి, ఫోన్ పక్కన పెట్టి చూడండి. ఒక్క సీను తప్పిపోయినా ఎవరు ఎవరి మనిషో అర్థం కాదు.

నాగమ్మ వైపు నుంచి పల్నాటి కథ చెప్పిన సినిమా మాత్రం నేనింకా చూడలేదు.