సన్నిధే సంపద: ఎనిమిదవ హెన్రీ ఆస్థానంలో పొత్తులు, పతనాలు (1536–1540)

ప్రస్తావన

ఇంగ్లండ్ రాణి ఆన్ బొలీన్‌కు 1536 మే 19న లండన్ టవర్ ఆవరణలో శిరచ్ఛేదం జరిగింది. ఆమె పతనంలో ప్రధాన పాత్ర వహించిన మంత్రి థామస్ క్రామ్‌వెల్ 1540 జూలై 28న టవర్ హిల్ మీద అదే శిక్షకు గురయ్యాడు. ఒకప్పుడు వీరిద్దరిదీ ఒకే పక్షం. రోమ్‌తో తెగతెంపులు చేసుకోవడంలో, మతసంస్కరణకు దారి వేయడంలో ఒకరికొకరు తోడు. ఆ పొత్తు ఎందుకు చెడింది? ఆన్‌ను కూలదోయడానికి క్రామ్‌వెల్ ఎవరితో చేతులు కలిపాడు? పని కాగానే వారిని ఎందుకు వదిలేశాడు? చివరికి తానెలా కూలిపోయాడు? ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్నలివి.

ఈ విషయంపై పండితుల మధ్య భిన్నాభిప్రాయాలున్నాయి. జి. ఆర్. ఎల్టన్ 1953 నాటి గ్రంథంలో క్రామ్‌వెల్‌ను ఆధునిక ప్రభుత్వ యంత్రాంగాన్ని తీర్చిదిద్దినవాడిగా చూపాడు. డేవిడ్ స్టార్కీ ఆ దృష్టిని కార్యాలయాల నుంచి రాజు పడకగది వైపు మళ్ళించాడు. ఆన్ పతనం క్రామ్‌వెల్ నడిపిన వర్గ రాజకీయమని ఎరిక్ ఐవ్స్ వాదించాడు. ఆరోపణల్లో కొంత నిజం ఉండి ఉండవచ్చని జి. డబ్ల్యు. బెర్నార్డ్, అసలు కారణం రాణి గర్భస్రావంలో ఉందని రెతా వార్నికీ, ఆమె నోరుజారిన మాటలే కొంప ముంచాయని గ్రెగ్ వాకర్ వాదించారు. ఈ చర్చ ఎక్కువగా ఆన్ దోషా, నిర్దోషా అన్న చోటనే తిరిగింది. 1536ను, 1540ని పక్కపక్కన పెట్టి చదివితే మరో విషయం తేటపడుతుంది. ఈ ఆస్థానంలో పొత్తులు ఎవరినో ఒకరిని తొలగించడానికే కుదిరేవి. తొలగింపు పూర్తికాగానే ఆ పొత్తుకు ఆధారం పోయేది. గెలిచినవారికి రాజు సన్నిధి తప్ప వేరే రక్ష లేదు. అందువల్ల ఒకరిపై ప్రయోగించిన పద్ధతి రేపు ఎవరిపైనైనా ప్రయోగించడానికి సిద్ధంగా ఉండేది.

తలుపు ఎవరి చేతిలో ఉంది

ట్యూడర్ రాజమందిరంలో సభాస్థలి దాటి లోపలికి వెళ్ళేకొద్దీ మనుషులు పలచబడతారు. అన్నిటికంటే లోపల ఉండేది ప్రీవీ చాంబర్, అంటే రాజు అంతరంగ మందిరం. ఏడవ హెన్రీ కాలంలో ఏర్పడిన ఈ విభాగం అతని కొడుకు కాలంలో రాజకీయ కేంద్రమైంది. అక్కడి ఉద్యోగులు రాజుకు బట్టలు తొడిగేవారు, అతనితో వేటకు వెళ్ళేవారు, పేకాడేవారు. వారందరిలో పెద్ద గ్రూమ్ ఆఫ్ ది స్టూల్. రాజు మలవిసర్జన వేళ పక్కన ఉండి సేవ చేయడం ఆ పదవి మూలవిధి. ఆ సేవను ఎవరూ హీనంగా చూడలేదు. రాజు ఏకాంతంలో ఉండగా అర్జీ ముందు పెట్టి సంతకం అడగగలిగే అవకాశం అతనికే ఉండేది. 1526 నుంచి ఆ పదవి సర్ హెన్రీ నారిస్‌ది.

ఈ తలుపు విలువ అప్పటి ప్రధాన మంత్రి కార్డినల్ వూల్జీకి బాగా తెలుసు. 1526లో పొదుపు పేరిట ఎల్తమ్ నిబంధనలు తెచ్చి ప్రీవీ చాంబర్ సిబ్బందిని తగ్గించాడు. అయినా 1529లో తన పతనాన్ని ఆపుకోలేకపోయాడు. అతని కొలువులో పెరిగిన క్రామ్‌వెల్ పార్లమెంటు చట్టాలను, దస్తావేజులను తన బలంగా మలుచుకున్నాడు. రోమ్‌కు అప్పీళ్ళను నిషేధించిన 1533 చట్టం, రాజును చర్చికి అధినేతగా ప్రకటించిన 1534 చట్టం అతని చేతి మీదుగా నడిచాయి. కానీ అంతరంగ మందిరంలో నారిస్, ఆన్ సోదరుడు రాచ్‌ఫర్డ్ ప్రభువు వంటి బొలీన్ పక్షంవారే బలంగా ఉండేవారు. కాగితం క్రామ్‌వెల్ చేతిలో, తలుపు బొలీన్‌ల చేతిలో ఉన్నంత కాలం వారి పొత్తు ఇద్దరికీ అవసరమైంది.

1536 వసంతం

1536 జనవరి 7న మాజీ రాణి క్యాథరిన్ కన్నుమూసింది. ఆమె ఖననం జరిగిన జనవరి 29నే ఆన్‌కు గర్భస్రావమైంది. ఈ రెండు సంఘటనలూ ఆన్ స్థానాన్ని బలహీనపరిచాయి. క్యాథరిన్ జీవించి ఉండగా ఆన్‌ను విడిచిపెడితే మొదటి భార్యను తిరిగి తెచ్చుకోవలసి వచ్చేది. ఇప్పుడు ఆ చిక్కు తొలగింది. క్యాథరిన్ అక్క కొడుకైన చార్లెస్ చక్రవర్తితో సంధికి కూడా వీలు కలిగింది. ఆ సంధిని క్రామ్‌వెల్ కోరుకున్నాడు.

మఠాల సొమ్ము మరో తగాదా తెచ్చింది. ఏడాదికి 200 పౌండ్లలోపు ఆదాయమున్న మఠాల రద్దు చట్టం మార్చిలో పార్లమెంటు ఆమోదం పొందింది. ఆ సొమ్ము ఖజానాకు చేరాలని క్రామ్‌వెల్, చదువుకూ ధర్మకార్యాలకూ పోవాలని ఆన్ పట్టుపట్టారు. ఏప్రిల్ 2న ఆమె దానాధికారి జాన్ స్కిప్ రాజు ఎదుట ప్రసంగిస్తూ, బైబిల్లో రాజును తప్పుదోవ పట్టించి ఉరికంబమెక్కిన మంత్రి హామాన్ కథ ఎత్తుకున్నాడు. ఆ మాట ఎవరికి తగలాలో వారికి తగిలింది.

ఏప్రిల్ 18న గ్రీనిచ్‌లో జరిగినది దగ్గరగా చూడదగ్గది. చక్రవర్తి రాయబారి యూస్టస్ షాప్వీ అంతవరకు ఆన్‌ను రాణిగా గుర్తించలేదు. ఆ రోజు రాచ్‌ఫర్డ్ అతన్ని ప్రార్థనామందిరానికి వెంటబెట్టుకుని వెళ్ళాడు. ఆన్ లోనికి వచ్చే తలుపు పక్కనే అతని చోటు. లోపలికి అడుగుపెట్టిన ఆన్ వెనుదిరిగి అతనికి వందనం చేసింది. అతనూ తలవంచక తప్పలేదు. భోజనాల తర్వాత కిటికీ మలుపులో రాజుకు, క్రామ్‌వెల్‌కు మధ్య తీవ్రమైన వాగ్వాదం జరిగింది. చక్రవర్తి షరతులను హెన్రీ తోసిపుచ్చాడు. అందరూ చూస్తుండగా క్రామ్‌వెల్ విధానం దెబ్బతింది. ఆ వెంటనే అతను ఒంట్లో బాగాలేదని ఇంటిపట్టున ఉండిపోయాడు. రాణి వ్యవహారాన్ని తానే ఆలోచించి నడిపానని అతను తనతో అన్నట్టు జూన్‌లో షాప్వీ రాశాడు. షాప్వీ ఆన్‌కు శత్రువు, చెవిన పడ్డ ప్రతి మాటా రాసేవాడు. కనుక అతని మాటను ఒంటరిగా నమ్మలేం. అయితే ఏప్రిల్ 24న దేశద్రోహ నేరాల విచారణకు ప్రత్యేక న్యాయసంఘం ఏర్పాటు కావడం ఆ మాటతో పొసుగుతుంది.

అప్పటికే మరో గుంపు పనిలో ఉంది. సర్ నికొలస్ కారూ, ఎక్సెటర్ మార్క్విస్ వంటి పాతమతాభిమానులు రాజు మనసుపడ్డ జేన్ సీమూర్‌ను ముందుకు తెచ్చి, ఎలా మసలుకోవాలో నూరిపోశారు. రాజు పంపిన బంగారు నాణేల సంచిని జేన్ తిప్పి పంపింది, ఉత్తరాన్ని మాత్రం ముద్దుపెట్టుకుంది. క్రామ్‌వెల్ గ్రీనిచ్‌లో రాజు నివాసానికి రహస్య మార్గమున్న తన గదులను జేన్ అన్న ఎడ్వర్డ్ సీమూర్‌కు ఖాళీ చేసి ఇచ్చాడు. పొత్తు కుదిరిందనడానికి ఇంతకంటే స్పష్టమైన గుర్తు లేదు. ఏప్రిల్ 23న గార్టర్ పతకం రాచ్‌ఫర్డ్‌కు కాక కారూకు దక్కింది.

ఆరోపణల నిర్మాణం

ఏప్రిల్ 30న సంగీతకారుడు మార్క్ స్మీటన్‌ను క్రామ్‌వెల్ ఇంట్లో ప్రశ్నించారు. రాణితో వ్యభిచరించానని ఒప్పుకున్నది అతనొక్కడే. మే 1న క్రీడాపోటీల మధ్యలో రాజు హఠాత్తుగా లేచి, నారిస్‌ను వెంటబెట్టుకుని గుర్రంపై వెస్ట్‌మినిస్టర్ దారి పట్టాడు. దారి పొడవునా తానే ప్రశ్నించాడు, ఒప్పుకుంటే క్షమిస్తానన్నాడు. నారిస్ ఒప్పుకోలేదు. పదేళ్ళు రాజు ఏకాంతానికి కాపలా కాసిన మనిషి మర్నాటికి టవర్‌లో ఖైదీ. ఆన్‌నూ, రాచ్‌ఫర్డ్‌నూ మే 2న బంధించారు.

న్యాయక్రమాన్ని గమనిస్తే తీర్పు ముందే సిద్ధమైందని తెలుస్తుంది. నారిస్, స్మీటన్‌లతో పాటు వెస్టన్, బ్రెరెటన్ అనే మరో ఇద్దరు నిందితులకు మే 12న శిక్ష పడింది. వారు దోషులైతే వారితో వ్యభిచరించిందన్న రాణి నిర్దోషి కావడం కుదరదు. ఆమె విచారణ మే 15న; ఆమె పరివారాన్ని రద్దు చేసింది మే 13న. విచారణకు అధ్యక్షుడు ఆమె మేనమామ నార్ఫోక్ డ్యూక్. అభియోగ పత్రంలోని తేదీలు మరింత బలహీనం. 1533 అక్టోబరులో వెస్ట్‌మినిస్టర్‌లో నారిస్‌తో నేరం జరిగిందన్నారు. అప్పటికి ఆన్ కూతురు ఎలిజబెత్ పుట్టి సుమారు నెల రోజులే, ఆన్ గ్రీనిచ్‌లో బాలింతగా ఉంది. ఇలాంటి పొరపాట్లను ఐవ్స్ ఎన్నో ఎత్తిచూపాడు. వీటిని చూశాక బెర్నార్డ్ వాదన నిలవదని నా అభిప్రాయం. ఐదుగురు మగవాళ్ళనూ, ఒక స్త్రీనీ సరైన రుజువు లేకుండా చంపారు.

గెలిచినవారి మధ్య చీలిక

మే 30న రాజు జేన్‌ను పెళ్ళాడాడు. క్యాథరిన్ కూతురు మేరీని వారసురాలిగా తిరిగి నిలబెట్టడమే కారూ, ఎక్సెటర్‌ల లక్ష్యం. క్రామ్‌వెల్ లక్ష్యం అది కాదు. జూన్‌లో తన తల్లి వివాహం చెల్లదని, తాను అక్రమ సంతానమని మేరీ చేతనే సంతకం పెట్టించారు. ఆమె పక్షం వహించిన ఎక్సెటర్‌ను మంత్రిమండలికి దూరం పెట్టారు. ఆన్ తండ్రి నుంచి తీసుకున్న ప్రీవీ సీల్ పదవి జూలైలో క్రామ్‌వెల్‌కు దక్కింది. నారిస్ స్థానంలోకి క్రామ్‌వెల్‌తో సన్నిహితంగా ఉన్న థామస్ హెనేజ్ వచ్చాడు. ఇప్పుడు కాగితం, తలుపు రెండూ ఒకే చేతికి వచ్చాయి. 1538 డిసెంబరులో ఎక్సెటర్, 1539 మార్చిలో కారూ దేశద్రోహ నేరంపై మరణశిక్షకు గురయ్యారు. మూడేళ్ళ కిందట వారు క్రామ్‌వెల్ మిత్రులు.

1540: అదే పద్ధతి, వేరే మనిషి

1539లో మార్గరెట్ పోల్ వంటివారిని అటెయిండర్ ద్వారా, అంటే విచారణ లేకుండా పార్లమెంటు చట్టంతోనే, దోషులుగా ప్రకటించారు. ఆ ప్రక్రియను నడిపింది క్రామ్‌వెల్. మరుసటి ఏడాది అదే అతనిపై పనిచేసింది. జేన్ మరణించాక 1540 జనవరిలో క్లీవ్స్‌కు చెందిన ఆన్‌తో అతను కుదిర్చిన వివాహం రాజుకు రుచించలేదు. నార్ఫోక్ తన తమ్ముడి కూతురైన క్యాథరిన్ హోవర్డ్‌ను రాజు కంట పడేలా చేశాడు. ఏప్రిల్‌లో ఎసెక్స్ ఎర్ల్ బిరుదు పొందిన క్రామ్‌వెల్‌ను జూన్ 10న మంత్రిమండలి సమావేశంలోనే బంధించారు. అతని మెడలోని సెయింట్ జార్జ్ పతకాన్ని నార్ఫోక్ తన చేత్తో లాగేశాడని ఫ్రెంచ్ రాయబారి మారియాక్ రాశాడు. అతని శిరచ్ఛేదం నాడే హెన్రీ క్యాథరిన్ హోవర్డ్‌ను పెళ్ళాడాడు. ఆమెకూ 1542 ఫిబ్రవరిలో అదే గతి పట్టింది. నార్ఫోక్ కూడా 1546 డిసెంబరులో బందీ అయ్యాడు. 1547 జనవరి 28న రాజు మరణించడం వల్లనే ప్రాణం దక్కించుకున్నాడు.

రెండు ఉత్తరాలు

ఈ వ్యవస్థ మనిషిని ఎంతకు దిగజార్చిందో ఆర్చిబిషప్ క్రాన్మర్ రాసిన రెండు ఉత్తరాలు చెబుతాయి. ఆన్ ఖైదైన మరునాడు, తనకు ఆమెపై ఉన్నంత గౌరవం మరే స్త్రీపైనా లేదని, అయినా తప్పు లేకపోతే రాజు ఇంతదూరం వచ్చి ఉండడని హెన్రీకి రాశాడు. 1540 జూన్‌లో క్రామ్‌వెల్ గురించి రాసిన ఉత్తరం నడక కూడా అదే: రాజును అంతగా ప్రేమించిన సేవకుడు మరొకడు లేడనుకున్నాను, ద్రోహి అయితే మాత్రం సకాలంలో బయటపడినందుకు సంతోషమని సారాంశం. క్రాన్మర్ పిరికివాడని తేల్చేయడం సులువు. అతను తప్ప ఆ మాత్రమైనా నోరు విప్పినవారు అరుదని గుర్తుంచుకోవాలి. స్నేహితుడి మంచిని ముందు చెప్పి, తీర్పును రాజుకే వదిలేయడం ఆ కొలువులో సాధ్యమైన గరిష్ఠ ధైర్యం.

ముగింపు

పై పరిశీలన నుంచి మూడు విషయాలు తేలుతాయి. ఒకటి: హెన్రీ ఆస్థాన రాజకీయాన్ని సంస్కరణవాదులు, సంప్రదాయవాదులు అన్న రెండు స్థిరమైన పక్షాల పోరుగా చూడడం చాలదు. 1536లో క్రామ్‌వెల్ తన మతపక్షంవారిని కూల్చడానికి ప్రత్యర్థులతో కలిశాడు. రెండు: రాజు కీలుబొమ్మా, సూత్రధారా అన్న వాదులాట కంటే, రాజు అనుమానాన్ని చట్టరూపంలోకి మార్చే యంత్రాంగం ఎవరి చేతిలో ఉందన్నది ముఖ్యమైన ప్రశ్న. హెన్రీకి కోరిక పుట్టడం ఒక ఎత్తు. దానికి అభియోగ పత్రం, న్యాయసంఘం, తేదీలు సమకూర్చడం మరో ఎత్తు. ఆ రెండో పనిని నిపుణులు చేసిపెట్టారు, దాని బాధ్యత వారిదే. మూడు: ఆ నిపుణులు నిందితుడికి ఏ రక్షణా మిగల్చలేదు. విచారణ లేకుండా శిక్షించే చట్టాన్ని ఆయుధంగా పదునుపెట్టిన క్రామ్‌వెల్, తనకు విచారణ అవసరమైన రోజున దాన్ని పొందలేకపోయాడు. అధికారంలో ఉన్నప్పుడు ప్రత్యర్థికి నిరాకరించిన న్యాయం, అధికారం పోయిన నాడు తనకూ దొరకదన్నది ఈ నాలుగేళ్ళ చరిత్ర నిరూపించిన సత్యం.