పనికి హద్దు గీసినవారు

మనుష్యుడు తన పనిని తానే కొలుచుకొనవలెనను కోరిక మిక్కిలి ప్రాచీనమైనది కాదు. ఎండయు వానయు, పగలును రాత్రియు పనికి ఆద్యంతములను నిర్ణయించుచుండిన కాలమున, ఒకడు గంటకెంత చేసెనను ప్రశ్నకు తావే లేదు. నాట్లు ముగిసినవా, కుప్పలు నూర్చిరా యనునదియే లెక్క. తెలుగునాట చేనేతవారును, వడ్రంగి కమ్మరి మొదలగు చేతిపనివారును అమావాస్యనాడు పనిముట్లను ముట్టక సెలవు పాటించు ఆచారము నేటికిని పలుతావుల కలదు. ఆదివారపు సెలవు కచేరీలతోడను కార్ఖానాలతోడను మనకు వచ్చినదే గాని, విరామము మాత్రము వానితో వచ్చినది కాదు. నేటి ఉద్యోగులు అలసట లేక అధికముగా పనిచేయు ఉపాయమునకై వెదకుచున్న పద్ధతుల పూర్వచరిత్రను పరిశీలించినచో, చిరకాలము నిలిచినవన్నియు పనిని పెంచుటకంటె దానికి హద్దు గీయుటయందే ఎక్కువ శ్రద్ధ వహించినట్లు కనబడును.

ఐరోపాలో ఈ క్రమమునకు తొలిరూపము క్రైస్తవ మఠములయందు గాననగును. ఆరవ శతాబ్దమున ఇటలీలో బెనెడిక్టు రచించిన నియమావళి, సన్న్యాసుల దినమును ప్రార్థనకును, శరీరశ్రమకును, పఠనమునకును పంచి, ఋతుభేదమునుబట్టి ఆ వేళలను మార్చినది. ప్రార్థనకు పిలుపు వినబడినంతనే చేతిలోనున్న పనిని ఉన్నచోటనే విడిచి పోవలెననుట అందలి నిబంధన.

మఠములోని యీ దినవిభాగమును అంగడివీథికి తగునట్లు దిద్దినవాడని బెంజమిన్ ఫ్రాంక్లిన్‌ను చెప్పవచ్చును. ఫిలడెల్ఫియాలో ముద్రణాలయము నడిపిన యీ అమెరికను మేధావి స్వీయచరిత్రలో పొందుపరచిన దినచర్యాపట్టిక సుప్రసిద్ధము: ప్రాతఃకాలమున అయిదింటికి లేచుట, ఎనిమిది మొదలు పండ్రెండు వరకు పని, పిమ్మట రెండు గంటలు భోజనము, పఠనము, లెక్కలు సరిచూచుట, మరల ఆరు వరకు పని, ఆపైన వస్తువులను వాని వాని చోట్ల సర్దుకొని, సంగీతముతోడను సంభాషణముతోడను ప్రొద్దుపుచ్చి, పదింటికి నిద్రించుట. పట్టికను కీర్తించువారు అయిదింటి మేల్కొలుపునే మెచ్చుకొందురు గాని, పని ఎనిమిది గంటలకు మించలేదనియు, సాయంకాలమంతయు దానికి వెలియై యున్నదనియు గమనింపరు. తాను అభ్యసింపబూనిన 13 సద్గుణములలో క్రమపాలనమే తన్ను అన్నిటికంటె నెక్కువగా బాధించినదని ఆయనయే ఒప్పుకొనెను. పరులకు అనుకూలమైన వేళలలో వారిని చూడవలసిన వ్యాపారస్థునకు ఇట్టి పట్టికను తుచ తప్పక నడుపుట అసాధ్యప్రాయమని తెలిసియు, దానిని చింపివేయకుండుటలోనే ఆయన లోకజ్ఞత యున్నది.

ఇంతకంటె ఆశ్చర్యకరమైనది ఆంగ్ల నవలాకారుడు ఆంథొనీ ట్రాలప్ చరిత్రము. ఆయన 47 నవలలు వ్రాసెను. వానిలో పెక్కింటిని తపాలాశాఖలో ఉద్యోగము చేయుచునే వ్రాసెను. వేకువను అయిదున్నరకు బల్లయొద్ద కూర్చుండుట ఆయన నియమము; తన్ను లేపి కాఫీ అందించుటకై ఒక వృద్ధసేవకునకు ఏటికి అయిదు పౌనులు అదనముగా ఇచ్చుచుండెను. మొదటి అరగంట ముందునాటి రచనను చదువుకొని, పిమ్మట గడియారము ఎదుటనుంచుకొని ప్రతి పావుగంటకు 250 మాటల చొప్పున వ్రాయుచు, అల్పాహారవేళకు కలము దింపి కచేరికి బయలుదేరుచుండెను. ఒక రచయిత దినమునకు వ్రాయదగినదంతయు మూడు గంటలలో వ్రాయవచ్చునని ఆయన నిశ్చితాభిప్రాయము. ఆయన మరణానంతరము 1883 లో వెలువడిన స్వీయచరిత్రమున ఈ లెక్కలను చదివిన రసికులు, ప్రతిభను గడియారమునకు తాకట్టు పెట్టినాడని ఆయనను చిన్నచూపు చూచిరి. ఆ నింద అన్యాయమని నా తలంపు. మిగిలిన దినమంతయు రచనాచింతనుండి విముక్తుడై ఉద్యోగమునకును, వేటకును, మిత్రులకును మనస్సు నీయగలిగినవాడు గడియారమునకు దాసుడెట్లగును?

దాస్యము నిజముగా నుండినది కార్ఖానాలలో. అచ్చట గడియారము యజమానునిది. మన దేశమున 1881 నాటి ఫ్యాక్టరీల చట్టము బాలుర పనివేళలనే పరిమితము చేసెను. పురుషులకు నూలుమిల్లులలో 12 గంటల హద్దు ఏర్పడుటకు 1911 వరకు ఆగవలసి వచ్చినది. వారమునకు 1922 లో 60 గంటలు, 1948 చట్టముతో 48 గంటలు పరిమితిగా స్థిరపడినవి. ఇట్టి శాసనములను ధర్మబుద్ధి ఒక్కటియే తెచ్చినదనుకొనుట సరికాదు. తక్కువ వేళలలోనే ఎక్కువ పని జరుగునని యజమానులకు తోచుటయు అందుకు తోడ్పడినది. జర్మనీలో ఎర్నెస్ట్ అబ్బే 1900 లో జైస్ కటకముల కర్మాగారమున ఎనిమిది గంటల దినమును ప్రవేశపెట్టి, ఉత్పత్తి తగ్గలేదని లెక్కలతో చూపెను. మొదటి ప్రపంచయుద్ధమున మందుగుండు కార్ఖానాల కార్మికుల ఆరోగ్యమును విచారించుటకు 1915 లో బ్రిటనులో ఏర్పడిన సంఘమునకు కూడ, ఆదివారపు పనియు అతివేళల పనియు దేశభక్తిచే చేయించినవే యైనను ఫలమునకు హానికరములని తేలినది.

పనిని క్షణములుగా విభజించిన అమెరికను ఇంజనీరు టేలరు విషయమున లోకమునకు ఒక అర్ధసత్యమే తెలియును. బెత్లెహాము ఉక్కు కర్మాగారమున ఇనుపదిమ్మెలను మోయు కూలి దినమునకు పండ్రెండున్నర టన్నులనుండి నలువదియేడున్నర టన్నులకు ఎదిగినాడని 1911 నాటి గ్రంథమున ఆయన చెప్పిన కథలోని వివరములను తరువాతి చరిత్రకారులు శంకించిరి. అయినను అదే గ్రంథమున, అంత బరువు మోయువాడు దినములో నూటికి 43 పాళ్లు మాత్రమే భారము మోసి తక్కిన 57 పాళ్లు భారరహితుడై యుండవలెనని ఆయన గణించినాడు. ఆయన పేరిట వేగమును నేర్చినవారు ఈ రెండవ సంఖ్యను ఏలనో మరచిరి.

బల్లయొద్ద కూర్చుండి ఆలోచనచే బ్రతుకువారి సంఖ్య పెరిగిన పిమ్మట సమస్య మరియొక రూపము దాల్చినది. వారి పని ఎచ్చట ముగియునో పై అధికారికిని, వారికిని గూడ తెలియదు. ఇచ్చిన గడువంతయు నిండువరకు పని వ్యాపించునని బ్రిటిషు రచయిత పార్కిన్సన్ 1955 లో పరిహాసముగా వ్రాసినది శాస్త్రవాక్యమువలె చలామణి యైనది. ఇటలీలో ఫ్రాన్సెస్కో చిరిల్లో అనునతడు విద్యార్థిగా నుండగా, టమాటా ఆకారముగల వంటింటి గడియారముతో 25 నిమిషములు పని, 5 నిమిషములు విరామము అను పద్ధతిని కల్పించెను. అమెరికను రచయిత డేవిడ్ అలెన్ 2001 నాటి గ్రంథమున, చేయవలసినవన్నియు మనస్సులో మోయక కాగితముపై దింపుకొనుడని బోధించెను. జపానులో టయోటా కార్ఖానాల కాన్బన్ చీటీలనుండి సాఫ్ట్‌వేరువారు గ్రహించిన నియమము, ఏకకాలమున చేతబట్టు పనుల సంఖ్యకు పరిమితి. నా దృష్టిలో వీనిలో చివరిదే గొప్పది; తక్కినవి సక్రమముగా పనిచేయుట నేర్పును, ఇది కొత్తపనిని కాదనుట నేర్పును.

ఈ పరిమితి యింకను అందరికి అందలేదు. అమెరికా పగటివేళకు సరిపోవునట్లు రాత్రులు మేల్కొని పనిచేయు హైదరాబాదు యువకులకు, చేతిలోని ఫోను నిద్రలో సైతము కచేరియే. ఇట్టి ఉద్యోగమూలమైన మనశ్శక్తిక్షయమును (బర్నౌట్) 1974 లో ఫ్రాయిడెన్‌బర్గర్ అను మనస్తత్వవేత్త వర్ణించెను. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2019 లో దానిని రోగముగా గాక వృత్తిసంబంధమైన పరిణామముగా తన వర్గీకరణమున చేర్చినది. రోగికి మందు వ్రాసినంత మాత్రమున తీరునది గాదని దీని భావము. పనిని ఏర్పరచినవారికిని బాధ్యత కలదు.

స్వంతముగా చేయదగినదానికి నిర్వహణశాస్త్ర రచయిత పీటర్ డ్రకర్ 1967 లో చూపిన మార్గమే సులభము: ఏ పట్టికను వ్రాసికొనక ముందే, తన కాలము నిజముగా ఎటు వ్యయమగుచున్నదో మూడు నాలుగు వారములపాటు ఏ గంటకాగంట గుర్తించి చూచుకొనుట. పరుల దినచర్యలను చదివి ముచ్చటపడు పాఠకులు ముందుగా ఈ లెక్కను వ్రాయవలెనని మనవి.