సుబ్బారావు గారి నీలం రంగు

యల్లాప్రగడ సుబ్బారావు గారి పాఠం వచ్చిందంటే మనలో చాలామందిమి ఒకే కథ చెబుతాం. 1895లో భీమవరంలో పుట్టారు, మెట్రిక్ రెండుసార్లు తప్పారు, అమెరికా వెళ్ళారు, గొప్పవారయ్యారు, నోబెల్ మాత్రం రాలేదు. నేనూ రెండేళ్ళు అలాగే చెప్పాను. మూడో ఏడు ఒక పాప "ఆయన అసలు ఏం చేశారు టీచర్?" అని అడిగింది. నా దగ్గర మందుల పేర్లు తప్ప జవాబు లేదు. ఈసారి మీరు నీలం రంగుతో మొదలుపెట్టి చూడండి.

హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే దగ్గర ఆయన పని, రక్తంలో ఫాస్ఫరస్ ఎంతుందో కొలవడం. ఆమ్లంలో ఫాస్ఫేటు, మాలిబ్డేటు కలిస్తే ఒక్కో ఫాస్ఫరస్ చుట్టూ పన్నెండు మాలిబ్డినం అయాన్లు గూడు కడతాయి. ఎలక్ట్రాన్లు ఇచ్చే పదార్థం కలిపితే గూట్లోని మాలిబ్డినం వాటిని అందుకుంటుంది. +6లో ఉన్నవి కొన్ని +5కి దిగుతాయి, ద్రావణం నీలమవుతుంది. గూట్లో చేరని మాలిబ్డినం అంత తేలిగ్గా అందుకోదు. అందుకే నీలం ఎంత ముదిరితే ఫాస్ఫేటు అంత ఎక్కువున్నట్టు. అంతకుముందు ఎలక్ట్రాన్లు ఇవ్వడానికి హైడ్రోక్వినోన్ వాడేవారు. వీళ్ళిద్దరూ దాని బదులు అమైనోనాఫ్థాల్ సల్ఫోనిక్ ఆమ్లం పెట్టి 1925లో ప్రచురించారు.

నాకు బాగా నచ్చేది ఆ తర్వాతి సంగతి. కండరం నుంచి తీసిన రసంలో రంగు ఆలస్యంగా వచ్చింది. పరీక్ష చెడిందని పారబోయొచ్చు కదా! వాళ్ళు పారబోయలేదు. ఫాస్ఫేటు అక్కడ విడిగా లేదు, ఏదో పదార్థానికి అంటుకుని ఉండి, పరీక్షలోని ఆమ్లం, మాలిబ్డేటుల వల్లే మెల్లగా ఊడుతోంది. 1927లో బయటపడిన ఆ పదార్థమే ఫాస్ఫోక్రియాటిన్. 1929లో ఏటీపీ. దాన్ని జర్మనీలో లోమాన్ కూడా విడిగా కనుక్కున్నాడని పిల్లలకు తప్పక చెప్పండి, మనవాడొక్కడే అనొద్దు.

ఇక న్యూజీలాండ్‌కి వద్దాం. ఇక్కడి రైతులు పచ్చికకు సూపర్‌ఫాస్ఫేట్ ఎంత చల్లాలో చూసుకునే 'ఓల్సెన్ పీ' మట్టి పరీక్షలో రంగు ఈ మాలిబ్డినం నీలమే. 1962లో మర్ఫీ, రైలీ ఎలక్ట్రాన్లకు విటమిన్ సీ వాడి, కాస్త ఆంటిమొనీ కలిపారు. ఆ లోహం చేరడంతో రంగు పది నిమిషాల్లోనే వచ్చేసింది.

ప్రయోగం తరగతిలో వద్దు, అందులో ఆమ్లం ఉంటుంది. పిల్లల్లో ఎవరింటివాళ్ళైనా డెయిరీ ఫారంలో పనిచేస్తుంటే మాత్రం ఒక ఓల్సెన్ పీ రిపోర్టు అడిగి తెప్పించండి. ఆ అంకె చూపించే పాఠం మొదలుపెట్టొచ్చు.