పాడినా శిక్షే, పాడకున్నా శిక్షే

మొయినాబాద్, చేవెళ్ల సర్కారు బడుల్లో పొద్దున్నే వరుస కట్టే పిల్లల ఇళ్లలో నమ్మకాలు ఒక్కటి కావు. అందరి నోటా ఒకే మాట పలికించవచ్చా అన్న ప్రశ్న ఈ గడ్డకు కొత్తది కాదు. నిజాం ఏలుబడిలో 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూలో బోధించింది. ముస్లిం విద్యార్థులకు మతశాస్త్రం, మిగతావారికి నీతిశాస్త్రం పెట్టి, పాఠం విషయంలో తేడాను ఒప్పుకుంది. పాట దగ్గరికొచ్చేసరికి ఆ ఓర్పు నిలవలేదు. 1938 చివర్లో హాస్టళ్లలో వందేమాతరం పాడిన విద్యార్థులను బహిష్కరించింది. వారిలో చాలామంది నాగపూర్ వెళ్లి చదువుకున్నారు, పి.వి. నరసింహారావు కూడా ఆ దారి పట్టినవారే.

ఆ పాట మీద ముస్లింల అభ్యంతరం ఉత్తిదేమీ కాదు. తరువాతి చరణాల్లో దుర్గాదేవి స్తుతి ఉన్నందునే, 1937లో కాంగ్రెస్ కార్యవర్గం మొదటి రెండు చరణాలు చాలని తీర్మానించింది. అయితే, నా చేత పాడించవద్దు అనడం వేరు, నువ్వు పాడకూడదు అనడం వేరు. మొదటిది హక్కు, రెండోది దండన. ఉస్మానియా ఈ గీతను దాటింది.

సుమారు అర్ధశతాబ్దం తరువాత కేరళలో ఇదే తప్పు తలకిందులుగా జరిగింది. 1985లో యెహోవా సాక్షుల కుటుంబానికి చెందిన ముగ్గురు పిల్లలు జాతీయగీతం వేళ లేచి నిలబడ్డారు గానీ పాడలేదు. బడి వారిని పంపేసింది. 1986 ఆగస్టు 11న సుప్రీంకోర్టు వారిని మళ్లీ చేర్చుకోమంది. తీర్పు రాసిన ఒ. చిన్నప్పరెడ్డి తెలుగువారు. మర్యాదగా నిలబడడమే గౌరవమని, పాడి తీరాలని చెప్పే చట్టం లేదని ఆయన తేల్చారు. పూర్తిగా ప్రభుత్వ ధనంతో నడిచే బడిలో మతబోధన ఉండరాదని, గుర్తింపు లేదా సాయం పొందే బడిలో ఇష్టం లేనివారిని అందులో పాల్గొనమనరాదని రాజ్యాంగంలోని 28వ అధికరణం అప్పటికే చెప్పింది.

ఒక్కొక్కరికీ ఒక్కో మినహాయింపు ఇస్తూ పోతే ఐక్యత ఏమవుతుందని అడిగేవారున్నారు. బడికి అందరూ కలిసి పలికే మాటలు అవసరమే, కాదనలేం. కానీ వాటిని దేవుడి పేరు లేకుండానే రాయవచ్చని చూపినవాడు మన నల్గొండ జిల్లా అన్నెపర్తి బిడ్డే. పైడిమర్రి వెంకట సుబ్బారావు 1962లో విశాఖపట్నంలో ట్రెజరీ అధికారిగా ఉంటూ తెలుగులో రాసిన ప్రతిజ్ఞ దేశమంతటి బడులకూ చేరింది. అందులో ఏ దేవుడి ప్రస్తావనా లేదు. హైదరాబాదీల ఆదాబ్ కూడా అలాంటిదే. ఆ పలకరింపుకు మతం అడ్డు రాలేదు.

అలాంటి మాటకు కూడా ఏ బిడ్డ మనసైనా ఒప్పుకోకపోతే, వరుసలో నిలబడి తోటివారికి అడ్డు రాకుండా ఉండమని ఉపాధ్యాయుడు అడగవచ్చు. క్రమశిక్షణకు అది చాలు. అంతకు మించి అడిగితే పిల్లవాడికి భయం వస్తుంది గానీ దేశం మీద ప్రేమ రాదు. నాగపూర్ రైలెక్కిన విద్యార్థుల మనసూ నిషేధంతో మారలేదు.